కొత్త ట్యాంకులో ఎరువు: ఎంత వేయాలన్నది రెండో ప్రశ్న

కొత్తగా మొక్కలు నాటిన మంచినీటి అక్వేరియంలో ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎక్కడ అడిగినా రెండు జవాబులు ఎదురవుతాయి. మొదటి నెలంతా చుక్క కూడా పడకూడదన్నది ఒకటి. మొదటి రోజు నుంచే పూర్తి మోతాదు పడాలన్నది ఇంకొకటి. విచిత్రమేమిటంటే రెండూ అనుభవంతో చెప్పినవే. రెండింటికీ సాక్ష్యంగా పచ్చగా కళకళలాడే ట్యాంకులు ఉన్నాయి. ఏ సలహా ఎలాంటి ట్యాంకులో పుట్టిందన్న వివరం మాత్రం నోటినోటా తిరిగేటప్పుడు ఎక్కడో జారిపోయింది.

'నెల దాకా వద్దు' అన్న మాట ఆక్వాసాయిల్ పరిచిన ట్యాంకుల్లో పుట్టింది. సేంద్రియ పదార్థం ఉన్న మట్టిని గుళికలుగా చేసి, వేడిచేసి గట్టిపరిచిన సరుకు అది. నీళ్లు పోసిన రోజు నుంచే అందులోంచి అమ్మోనియా ఊరడం మొదలవుతుంది. బలమైన రకాల్లో ఇది రెండు మూడు వారాల పాటు సాగుతుంది. అలాంటి చోట సీసాలోంచి మళ్లీ నత్రజని పోయడం దండగ. కొన్నిసార్లు ప్రమాదం కూడా.

'మొదటి రోజు నుంచే పూర్తి మోతాదు' అన్నది మరో రకం ట్యాంకు మాట. అక్కడ వెలుతురు తీక్షణంగా ఉంటుంది, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ అందుతుంటుంది, అడుగు కనిపించనంత ఒత్తుగా మొక్కలు ఉంటాయి. వారం వారం సగం నీళ్లు తీసి కొత్తవి పోసే ఓపిక యజమానికి ఉంటుంది.

మొదటిసారి ట్యాంకు పెట్టేవారిలో చాలామందికి ఈ రెండు ఏర్పాట్లూ ఉండవు. కడిగిన ఇసుకో గులకరాయో పరుస్తారు, మామూలు ఎల్ఈడీ లైటు బిగిస్తారు, నాలుగైదు రకాల మొక్కలు అక్కడక్కడా గుచ్చుతారు. మొదటి సలహా పాటిస్తే, ఏ పోషకమూ లేని ఇసుకలో మొక్క నెల రోజులు పస్తుంటుంది. రెండోది పాటిస్తే, వాడుకునేవారు లేక ఎరువు నీళ్లలో పేరుకుంటుంది. కాబట్టి మోతాదు లెక్కకు ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ ట్యాంకులో ఈ వారం తినే స్థితిలో ఉన్నది ఎవరు?

నీళ్లలో మునిగిన నేల మొక్క

అక్వేరియం కోసం అమ్మే మొక్కల్లో ఎక్కువ భాగం నర్సరీలో నీటిపైన పెరిగినవే. వేర్లు తడిలో, ఆకులు గాలిలో. అలా పెంచితే త్వరగా పెరుగుతాయి, నాచు పట్టదు, రవాణాకు తట్టుకుంటాయి. ఆ ఆకులకు నీరు ఆవిరై పోకుండా మైనం లాంటి పొర ఉంటుంది, గాలి పీల్చుకునే పత్రరంధ్రాలు ఉంటాయి. నీళ్లలో ముంచాక ఈ రెండూ అక్కరకు రావు. నీటి అడుగున బతికే ఆకు పల్చగా ఉండి, కార్బన్ డయాక్సైడ్‌నీ లవణాలనూ తన ఒంటిమీదుగానే పీల్చుకోవాలి. అందుకే మొక్క పాత ఆకులను వదిలించుకుని కొత్తరకం ఆకులు వేస్తుంది. ఈ మార్పిడినే ఆకులు 'కరిగిపోవడం' అంటారు. క్రిప్టోకొరైన్ జాతిలో ఇది మరీ ఘోరంగా కనిపిస్తుంది. వారం తిరగకుండానే గుబురంతా జిగురుగా మారి, మట్టిలో దుంప ఒక్కటే మిగలవచ్చు. దుంప గట్టిగా ఉంటే ఆ మొక్క చావలేదు.

కొత్త ఆకుకు కావలసిన సరుకు మొదట్లో ఆ దుంప నుంచీ, కాడ నుంచీ, వాడిపోయే ఆకుల నుంచి వెనక్కి లాక్కున్న నత్రజని, పొటాషియంల నుంచీ వస్తుంది. కొత్త వేర్లు ఇంకా దిగవు, కొత్త ఆకులు ఇంకా విచ్చుకోవు. మొదటి పది పదిహేను రోజుల్లో మొక్కకు బయటి ఎరువు చాలా కొద్దిగానే అవసరపడేది ఇందుకే. సరిగ్గా ఈ రోజుల్లోనే ఆకులు పసుపెక్కి చివికిపోతుంటే చూసి, ధాతులోపం అనుకుని సీసా ఒంపేవారు ఎక్కువ. అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టినట్టు. చివికిన ఆకులు కుళ్లి నీళ్లలోకి అమ్మోనియా వదులుతాయి, అంటే అడగకుండానే కొంత ఎరువు పడుతూనే ఉంది. వాటిని ఎప్పటికప్పుడు కత్తిరించి తీసేయడం ఆ వారాల్లో ఏ సీసా కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

టిష్యూ కల్చర్ కప్పుల్లో వచ్చే మొక్కల లెక్క వేరు. చక్కెర, లవణాలు కలిపిన జెల్లీలో, మూతపెట్టిన తేమలో పెరిగిన పసికూనలవి. దుంపలో దాచుకున్నదేమీ ఉండదు. జెల్లీ కడిగేసి నాటాక వాటికి ఆకలి తొందరగా పుడుతుంది. పెద్ద క్రిప్టోకొరైన్ మూడు వారాలు ఆగగలదు గానీ ఇవి ఆగలేవు.

అమ్మోనియా, వెలుతురు, నాచు

కొత్త ట్యాంకులో రెండో పని కంటికి కనిపించకుండా సాగుతుంటుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో, రాళ్లమీద, ఇసుకలో స్థిరపడడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతదాకా అమ్మోనియా చేపలకు గండమే. దాని విషం నీటి పీహెచ్ మీద, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయి మీద, ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.6 శాతం లోపే. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. అదే కొలత చూపించిన రెండు ట్యాంకుల్లో ఒకదాంట్లో చేపలు నిక్షేపంగా తిరిగి, రెండోదాంట్లో తేలిపోవడానికి కారణం ఇదే.

మొక్కల వైపు నుంచి చూస్తే, విషం కాని మిగతా రూపం, అంటే అమ్మోనియం, శత్రువేమీ కాదు. చాలా నీటి మొక్కలు నైట్రేట్ కన్నా దాన్నే ముందు తీసుకుంటాయి. నైట్రేట్‌ను వాడుకోవాలంటే మళ్లీ అమ్మోనియంగా మార్చుకోవాలి, దానికి శక్తి ఖర్చు. ఒత్తుగా, త్వరగా పెరిగే మొక్కలతో మొదలైన ట్యాంకు సాఫీగా కుదురుకోవడం వెనక ఈ సంగతే ఉంది. హైగ్రోఫిలా లాంటి కాడ మొక్కలు, నీటిపై తేలే సాల్వీనియా ఉంటే, బ్యాక్టీరియా స్థిరపడేలోపు అమ్మోనియాను అవే చాలావరకు మింగేస్తాయి.

నాచుకు కారణం ఎరువేనన్నది పాత నమ్మకం. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు అభిరుచిదారులు ఫాస్ఫేట్‌ను కొరతలో ఉంచి మిగతావన్నీ అందిస్తే మొక్కలు గెలుస్తాయి, నాచు ఓడుతుంది అని ప్రతిపాదించారు. ఆ ఆలోచన చాలా ట్యాంకులను బాగుచేసింది, నిజమే. ఫాస్ఫేట్ కొరత వల్ల కాకుండా పొటాషియం, ఇనుము మొదటిసారి సరిగా అందడం వల్ల బాగుపడిన ట్యాంకులు అందులో ఎన్నో! ఆ తర్వాత మొక్కల ట్యాంకుల నిపుణుడు టామ్ బార్ వంటివారు ఫాస్ఫేట్‌ను కావాలనే ఎక్కువ వేసి, మొక్కలు ఆరోగ్యంగా ఉన్నచోట దానివల్ల నాచు పుట్టదని చూపించారు. ఇప్పుడు అనుభవజ్ఞుల్లో ఎక్కువమంది మాట ఇది: బలమైన వెలుతురు, నీరసించిన మొక్కలు, నీళ్లలో అమ్మోనియా — ఈ మూడూ ఒకేచోట కలిస్తే నాచు. కొత్త ట్యాంకులో మూడూ పుట్టుకతోనే ఉంటాయి. వాటిలో మనిషి చేతిలో సులువుగా ఉన్నది వెలుతురు ఒక్కటే.

ఎరువు గురించి రాస్తూ లైటు దగ్గర ఆగడం దారి తప్పినట్టు అనిపించవచ్చు. కానీ ట్యాంకులో ఆకలిని నిర్ణయించేది వెలుతురే. వెలుతురు ఎంత ఉంటే మొక్క అంత వేగంగా పనిచేయాలని చూస్తుంది, అంత కర్బనం అడుగుతుంది, దాని వెంట నత్రజని, భాస్వరం, పొటాషియం, ఇనుము. ఎండిన మొక్క బరువులో దాదాపు 40 శాతం కర్బనమే. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలోనేమో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే ఉంటుంది; సిలిండర్ పెట్టినవారు గురిపెట్టేది 30 మిల్లీగ్రాముల దగ్గర. అన్నిటికన్నా తక్కువగా దొరికే పోషకమే పెరుగుదలకు హద్దు గీస్తుందని 1828లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ష్ప్రెంగెల్ చెప్పిన సూత్రాన్ని 1840 నుంచి రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చాడు. సిలిండర్ లేని ట్యాంకులో ఆ హద్దు దాదాపు ఎప్పుడూ కర్బనమే. అక్కడ నైట్రేట్ రెట్టింపు చేస్తే పెరుగుదల రెట్టింపు కాదు. మొదటి నెల లైటును రోజుకు ఆరు గంటలకు మించకుండా ఉంచడం ఎరువుల ప్రణాళికలో మొదటి అంశంగా రాసుకోదగ్గది.

గోధుమరంగు పొడిలా ఆకుల మీదా అద్దం మీదా పరుచుకునే ఒక రకం సూక్ష్మ నాచు, డయాటమ్‌ల గురించి బెంగ అక్కర్లేదు. కొత్త ట్యాంకుల్లో అవి వస్తాయి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. వాటిని చూసి ఎరువు ఆపేయడం పొరపాటు.

అడుగున ఏముందో అదే సగం జవాబు

ఆక్వాసాయిల్ ఉంటే మొదటి మూడు నాలుగు వారాలు నత్రజని జోలికి పోనక్కర్లేదు, భాస్వరం కూడా అరుదుగానే కావాలి. అందులో లోటుపడేది పొటాషియం. దానికి తోడు ఆ మట్టి మొదట్లో నీళ్లలోని కొన్ని లవణాలను, ముఖ్యంగా నీటి క్షారతను, తనలోకి లాగేసుకుంటుంది. పొటాషియం, సూక్ష్మపోషకాలు కొద్ది మోతాదులో మొదటి వారం నుంచే వేస్తూ, వారానికి రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ పోతే చాలు. ఈ నీళ్ల మార్పిడి ఎరువు కోసం కాదు, ఊరే అమ్మోనియాను దింపడానికి.

ఇసుక, గులకరాయి పరిచిన ట్యాంకులో దాచుకున్నదంటూ ఏమీ ఉండదు. చేపలు ఉంటే వాటి మేత ద్వారా నత్రజని, భాస్వరం వస్తాయి. కొత్త ట్యాంకులో చేపలు ఉండవు, లేదా ఒకటి రెండే ఉంటాయి. కాబట్టి ఇక్కడ 'ఎరువు వద్దు' అన్న సలహాకు అర్థం లేదు. మొదటి వారంలోనే అన్ని పోషకాలూ ఉన్న ద్రవ ఎరువు పావు మోతాదులో మొదలుపెట్టి, కొత్త చిగుళ్లు కనిపించాక సగానికి, అవి ఆకులుగా విచ్చుకుని మొక్కలు కత్తిరించే దాకా పెరిగాక పూర్తికి తీసుకెళ్లడం సరైన పద్ధతి.

అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ లాంటి వేరు బలంతో బతికే మొక్కలకు ఇసుకలో రూట్ ట్యాబ్ (వేర్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్ల) పాతడం మంచి పనే, కానీ నాటిన రోజున కాదు. కొత్త ట్యాంకులో మొక్కలు తేలిపోతుంటాయి, వాటిని మళ్లీ మళ్లీ గుచ్చుతుంటాం. ఆ కెలుకుడులో ట్యాబ్ పైకి వచ్చి కరిగితే లోపలి అమ్మోనియం ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. వేర్లు పట్టాక, మొక్కను మెల్లగా లాగితే రాని స్థితి వచ్చాక, మొదలుకు కాస్త ఎడంగా లోతుగా దించాలి. అనూబియాస్, జావా ఫెర్న్, బూసెఫలాండ్రాలకు ట్యాబ్‌తో పనేలేదు. వాటి కాండం మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. అవి రాయికో చెక్కకో అంటుకుని నీళ్లలోంచే తింటాయి.

లెక్క ఒకసారి చేస్తే చాలు

సీసా మీద రాసిన మోతాదు ఎవరి ట్యాంకును ఉద్దేశించి రాసిందో తెలియదు. పొడి లవణాలతో చేసుకుంటే ఎంత పడుతోందో కచ్చితంగా తెలుస్తుంది. పొటాషియం నైట్రేట్‌లో 61 శాతం నైట్రేట్, 39 శాతం పొటాషియం. మోనో పొటాషియం ఫాస్ఫేట్‌లో 70 శాతం ఫాస్ఫేట్. పొటాషియం సల్ఫేట్‌లో 45 శాతం పొటాషియం. లీటరుకు ఒక మిల్లీగ్రామునే ఒక పీపీఎం అంటారు.

100 లీటర్ల ట్యాంకు అన్నప్పుడు ఇసుక, రాళ్లు పోగా నీళ్లు 80 లీటర్లు ఉంటాయనుకుందాం. సిలిండర్ లేని, ఓ మోస్తరు వెలుతురు ఉన్న ట్యాంకు. వారానికి 5 పీపీఎం నైట్రేట్ చాలు. 80 లీటర్లకు 400 మిల్లీగ్రాముల నైట్రేట్ కావాలి, అంటే 0.65 గ్రాముల పొటాషియం నైట్రేట్. దాంతోపాటే 3 పీపీఎం పైగా పొటాషియం వచ్చిపడుతుంది. ఫాస్ఫేట్ అర పీపీఎం కోసం 0.057 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేట్. పొటాషియాన్ని 5 పీపీఎం దాకా తేవడానికి 0.29 గ్రాముల పొటాషియం సల్ఫేట్. ఇంత చిన్న తూకాలు ఇంట్లో కుదరవు గనుక పది వారాలకు సరిపడా 6.5, 0.57, 2.9 గ్రాములు తూచి, నీళ్లలో కరిగించి మొత్తం అర లీటరు చేసుకుంటే, వారానికి 50 మిల్లీలీటర్లు పోస్తే సరి. రోజూ పోసే అలవాటు ఉంటే 7 మిల్లీలీటర్లు. మొదటి రెండు వారాల్లో ఇందులో పావు వంతుతో మొదలు.

ఎక్కువైపోతుందేమో అన్న భయానికి మందు నీళ్ల మార్పిడే. వారానికి 5 పీపీఎం వేస్తూ సగం నీళ్లు మారుస్తుంటే, మొక్కలు ఒక్క మిల్లీగ్రాము కూడా తినకపోయినా నైట్రేట్ 10 పీపీఎం దాటదు. వేసినదాన్ని మార్చిన వంతుతో భాగిస్తే వచ్చే అంకె అది. పావు వంతే మారిస్తే గరిష్ఠం 20. ఐదో వంతు మారిస్తే 25. దీనికి కుళాయి నీళ్లలో ముందే ఉన్న నైట్రేట్‌నూ, చేపల మేత నుంచి వచ్చేదాన్నీ కలుపుకోవాలి. ధారాళంగా వేసి, వారానికోసారి సగం నీళ్లు మార్చే ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతి రహస్యమంతా ఈ భాగహారంలోనే ఉంది. టెస్ట్ కిట్ అక్కర్లేకుండానే గరిష్ఠం తెలిసిపోతుంది. నైట్రేట్ కిట్లను నమ్ముకోవడం కన్నా ఇదే నయం. కిట్‌లోని రెండో రసాయనం సీసాను గట్టిగా కుదిపి వాడకపోతే ఆ కిట్లు ఉన్న నైట్రేట్‌ను కూడా తక్కువ చేసి చూపిస్తాయి.

ఇనుము, మాంగనీస్ వంటి సూక్ష్మపోషకాల విషయంలో పరిమాణం కన్నా రూపం ముఖ్యం. ఉట్టి ఇనుప లవణం ట్యాంకులో గంటల్లో తుప్పులా మారి అడుగుకు చేరుతుంది. అది కరిగిన స్థితిలో నిలవాలంటే దాన్ని చుట్టి పట్టుకుని ఉంచే చెలేట్ అనే పదార్థం కావాలి. ఈడీటీఏ చెలేట్ పీహెచ్ 6.5 దాకా బాగా పట్టి ఉంచుతుంది, డీటీపీఏ 7.5 దాకా. గట్టి నీళ్లున్న, అంటే లవణాలు ఎక్కువై సాధారణంగా పీహెచ్ కూడా ఎక్కువగా ఉండే ట్యాంకులో ఇనుము వేసినా లేత ఆకులు పాలిపోతుంటే, మోతాదు పెంచేముందు సీసాలో ఏ చెలేట్ ఉందో చూడాలి. సూక్ష్మపోషకాల ద్రావణాన్ని ఫాస్ఫేట్ ద్రావణంతో ఒకే సీసాలో కలపకూడదు. ఇనుము, ఫాస్ఫేట్ కలిసి అడుగున మడ్డి కడతాయి. రొయ్యలు పెంచాలనుకునేవారు వీటిని గుప్పించకపోవడమే మంచిది, అందులో రాగి ఉంటుంది.

కుండీ మొక్కలకు వాడే, నత్రజని, భాస్వరం, పొటాషియం కలిసిన ఎన్‌పీకే పొడిని చిటికెడు వేస్తే సరిపోదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అందులో నత్రజనిలో పెద్ద వాటా తరచుగా యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. యూరియా ట్యాంకులో విడిపోయి అమ్మోనియా అవుతుంది. బ్యాక్టీరియా ఇంకా స్థిరపడని ట్యాంకులో అంతకన్నా చెడ్డ ఎంపిక దొరకదు. పైగా పొట్లం మీది అంకెల్లో భాస్వరాన్నీ పొటాషియాన్నీ వాటి ఆక్సైడ్ల లెక్కలో రాస్తారు, పైన చేసిన గణితం దానికి నేరుగా వర్తించదు.

ఆకు చెప్పే మాట

మూడు నాలుగు వారాలు గడిచాక పాత, నర్సరీ ఆకుల వైపు చూడడం మానేయాలి. వాటి మీద పసుపు, రంధ్రాలు, నాచు దేనికీ సాక్ష్యం కావు. నీళ్లలో పుట్టిన ఆకులే నమ్మదగ్గవి. వాటిలో ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని కొరత అనుకోవచ్చు. ముదురాకుల మీద సూది గుచ్చినట్టు చిల్లులు పడి అవి పెద్దవవుతుంటే పొటాషియం. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కొరతపడితే మొక్క ముదురాకుల్లోంచి వాటిని లాగి చిగురుకు పంపుతుంది గనుక దెబ్బ ముదురాకుల మీదే కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం అలా కదలవు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం తెల్లబోయిన లేతాకు ఇనుము అడుగుతోంది. మెలితిరిగి పొట్టిగా వచ్చే చిగురును చూసి కాల్షియం అనడం ఆనవాయితీ, కానీ సిలిండర్ ఉన్న ట్యాంకుల్లో కార్బన్ డయాక్సైడ్ ఎగుడుదిగుడులు కూడా అదే రూపంలో కనిపిస్తాయి. ఏ లక్షణం చూసినా ఒకేసారి ఒక్క పోషకమే మార్చి, కొత్తగా వచ్చే రెండు మూడు ఆకుల దాకా ఆగాలి. దెబ్బతిన్న ఆకు తిరిగి బాగుపడదు, దాన్ని చూస్తూ మోతాదు పెంచుకుంటూ పోతే అంతు ఉండదు.

ఆర్‌ఓ నీళ్లే వాడేవారికి ఒక చిక్కు అదనం. అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు శూన్యం, మామూలు ద్రవ ఎరువుల్లో వాటికి చోటు ఉండదు లేదా నామమాత్రం. నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆ రెండింటినీ విడిగా కలిపి గట్టిదనం తేవాలి.

పూర్తి మోతాదుకు చేరే రోజును క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకోవడం కన్నా కత్తెరను నమ్మడం మేలు. కాడ మొక్కలు నీటి పైకి చేరి మొదటిసారి కత్తిరించాల్సి వచ్చిందంటే ట్యాంకులో తినేవారు తయారైనట్టే. ఒక్కో ట్యాంకులో అది నాలుగో వారం, ఒక్కోదాంట్లో పదో వారం. ఆ రోజున ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. కత్తిరింపుతో ఆకుల మొత్తం ఒక్కసారిగా సగానికి పడిపోతుంది, అమ్మోనియాను మింగే నోళ్లూ అంతే తగ్గుతాయి. అందుకే కత్తిరించిన వెంటనే సగం నీళ్లు మార్చి, కోసిన ముక్కలు ఒక్కటీ తేలుతూ మిగలకుండా వలతో ఏరి, ఆ వారానికి పాత మోతాదునే కొనసాగించి, పక్క కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వచ్చాకే పెంచాలి.